క్రోషియా టోపీలు, ఊలు పూలు: అమ్మకానికి అల్లేవారి ప్రశ్నలకు జవాబులు

పిల్లల టోపీలు, అలంకరణ పూలు క్రోషియాతో అల్లి చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటున్న పాఠకుల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను క్లుప్తం చేసి ఇస్తున్నాము. ఇంట్లో పాపాయికి అల్లేటప్పుడు ఒక్క టోపీ అందంగా కుదిరితే సరిపోతుంది. అమ్మేవారికి అదే టోపీ పదోసారి కూడా అదే కొలతలో, అదే గట్టిదనంతో రావాలి. ఈ జవాబులన్నీ ఆ అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ప్రశ్న: ఇంతకాలం మా ఇంటి పిల్లలకూ, బంధువుల పిల్లలకూ మాత్రమే టోపీలు అల్లాను. మధ్యమధ్య తల మీద పెట్టి చూసుకుంటూ అల్లేదాన్ని. అమ్మకానికి అల్లేటప్పుడు తల ఎదురుగా ఉండదు కదా. ఒకటి బిగుతుగా, మరొకటి వదులుగా వస్తున్నాయి. కొలతలు ఎలా ఖాయం చేసుకోవాలి?

జవాబు: పిల్లల తల చుట్టుకొలత వయసుతో పాటు ఎలా పెరుగుతుందో తెలుసుకుంటే సగం చిక్కు తీరిపోతుంది. అప్పుడే పుట్టిన శిశువు తల చుట్టుకొలత సుమారు 34 నుంచి 35 సెం.మీ. ఉంటుంది. ఆరు నెలలకు 42 నుంచి 43, ఏడాదికి 45 నుంచి 46, రెండేళ్ళకు 47 నుంచి 48, అయిదేళ్ళకు 50 సెం.మీ. దరిదాపులకు చేరుతుంది. మొదటి ఏడాదిలోనే దాదాపు 11 సెం.మీ. పెరిగే తల, రెండో ఏడాదిలో రెండు సెం.మీ. మించి పెరగదన్నమాట. అందువల్ల ఏడాదిలోపు పిల్లలకు మూడు కొలతలు పెట్టుకోక తప్పదు గాని, రెండేళ్ళు దాటిన పిల్లలకు రెండు కొలతలు ఉంటే చాలా ఏళ్ళకు సరిపోతాయి. కొనేవారికి వయసుతో పాటు తల చుట్టుకొలత కూడా సెంటీమీటర్లలో చెప్పి అమ్మండి. ఒకే వయసు పిల్లల తలల్లోనూ తేడా ఉంటుంది కనుక వయసు మాత్రమే చూసి కొన్నవారు తరచూ నిరాశపడతారు.

టోపీ తలకు పట్టి ఉండాలంటే తల కొలత కంటే రెండు నుంచి అయిదు సెం.మీ. తక్కువగా ఉండాలి. బాగా సాగే ఊలుకు ఈ తగ్గింపు ఎక్కువ, సాగని నూలుకు తక్కువ. ఏడాది పిల్లవాడి తల 46 సెం.మీ. అనుకుని, మూడు తగ్గించి, టోపీని 43 సెం.మీ. చుట్టుకొలతతో అల్లుదాం. నడినెత్తి దగ్గర నుంచి కిందికి అల్లే టోపీకి మొదట పళ్ళెంలాంటి చదునైన వృత్తం అల్లుతాము. ఆ వృత్తం వ్యాసం ఎంత ఉండాలన్నది చుట్టుకొలతను 3.14తో భాగిస్తే తెలుస్తుంది. 43కు అది 13.7 సెం.మీ. వృత్తం అంతవరకు పెరిగాక పెంపులు (ఒకే కుట్టులో రెండేసి కుట్లు వేయడం) ఆపి, గోడలాగా కిందికి దిగాలి.

ఇక కుట్ల లెక్క. ఏ ఊలు, ఏ సూది వాడదలచుకున్నారో వాటితోనే 12 సెం.మీ. చదరపు ముక్క ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, దాని నడుమ 10 సెం.మీ. వెడల్పులో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. టోపీని గుండ్రంగా అల్లుతాము కనుక నమూనా ముక్కను కూడా ఒకే వైపు నుంచి అల్లితే లెక్క మరింత నిజానికి దగ్గరగా వస్తుంది. 16 కుట్లు పడ్డాయనుకుంటే 43 సెం.మీ.కు 69 కుట్లు కావాలి. సింగిల్ క్రోషియా అనే పొట్టి కుట్టుతో (ఇక్కడి కుట్ల పేర్లన్నీ అమెరికా పద్ధతివి) ఆరు కుట్ల మ్యాజిక్ రింగ్, అంటే కొస లాగితే బిగుసుకునే దారపు వలయం, మొదలుపెట్టి, చుట్టుకు ఆరేసి కుట్లు పెంచుకుంటూ వెళితే పదకొండో చుట్టుకు 66 కుట్లు అవుతాయి. పన్నెండో చుట్టులో ఆరు పెంచితే 72 అయిపోతుంది కాబట్టి, ఆ చుట్టులో సమాన దూరాలలో మూడు మాత్రమే పెంచండి. సరిగ్గా 69 వస్తుంది. పెంపులు అన్ని చుట్లలోనూ ఒకదాని కింద ఒకటి పడితే వృత్తం ఆరు మూలల ఆకారం తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టులో పెంపు చోటును కొద్దిగా జరిపితే గుండ్రదనం నిలుస్తుంది. అదే డబుల్ క్రోషియా కుట్టుతో అల్లేటట్లయితే, కుట్టు పొడవైనది కనుక పన్నెండు కుట్లతో మొదలుపెట్టి చుట్టుకు పన్నెండేసి పెంచాలి.

వృత్తం అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంటే పెంపులు చాలలేదని, అలలు తిరుగుతుంటే ఎక్కువయ్యాయని గ్రహించాలి. ఒకే మనిషి చేయి కూడా రోజంతా ఒకేలా ఉండదు; అలసిపోయినప్పుడు కొందరికి దారం బిగుసుకుంటుంది, కొందరికి సడలుతుంది. అందువల్ల పెంపులు పూర్తయిన చోట తప్పనిసరిగా ఆగి, స్కేలు పెట్టి వ్యాసం కొలవండి. వ్యాసంలో మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే చుట్టుకొలతలో దాదాపు ఒక సెంటీమీటరు తేడా పడుతుంది. ఆ దశలో విప్పి మళ్ళీ అల్లడం కొద్ది నిమిషాల పని. టోపీ అంతా పూర్తయ్యాక తెలిస్తే ఆ పూట శ్రమ వృథా అవుతుంది. ఊలు రకం, సూది కొలత, కుట్ల సంఖ్య, వృత్తం వ్యాసం, మొత్తం ఎత్తు, పూర్తయిన టోపీ బరువు అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. నా దృష్టిలో ఈ వ్యాపారానికి సూది తరువాత అంత అవసరమైన పనిముట్టు ఆ పుస్తకమే.

ప్రశ్న: పిల్లల టోపీలకు నూలు మంచిదా, అక్రిలిక్ మంచిదా, గొర్రె ఊలు మంచిదా? అమ్మేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు.

జవాబు: మూడింటికీ వేరువేరు చోట్లు ఉన్నాయి. నూలు చెమట పీలుస్తుంది, చర్మాన్ని గుచ్చదు, తరచూ ఉతికినా నిలుస్తుంది. అయితే సాగదు, బరువు ఎక్కువ. ఎండకాలపు అంచు టోపీలకూ, పూలకూ నూలును మించినది లేదు. గొర్రె ఊలు వెచ్చనిది, సాగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. కానీ వేడినీళ్ళలో వేసి రుద్దితే దాని పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని టోపీ కుదించుకుపోతుంది, కొందరు పిల్లలకు దురద పెడుతుంది. అక్రిలిక్ తేలిక, ధర తక్కువ, ఇంట్లో సులువుగా ఉతకవచ్చు. దానికి ఇస్త్రీపెట్టె గాని ఆవిరి గాని తగిలితే పోగులు మెత్తబడి టోపీ సాగుడు పోయి వేలాడిపోతుంది, తిరిగి బాగుపడదు. చలికాలపు టోపీలతో మొదలుపెట్టేవారికి మెత్తని అక్రిలిక్ ఒక రకం, పూలకూ ఎండకాలపు టోపీలకూ నూలు ఒక రకం, ఈ రెండూ చాలునని నా సలహా. నూగు రాలే మోహెర్ (ఒక రకం మేక బొచ్చు), అంగోరా (కుందేలు బొచ్చు) వంటివి పసిపిల్లల టోపీలకు వాడవద్దు. ఆ నూగు ముక్కులోకి, నోట్లోకి పోతుంది.

ఉండ మీది చీటీలో రంగు సంఖ్యతో పాటు అద్దకం విడత సంఖ్య కూడా ఉంటుంది. ఒకే రంగు అయినా విడత మారితే ఛాయ కొద్దిగా మారుతుంది, ఆ తేడా దుకాణంలో కనబడకపోయినా టోపీ మీద గీత గీసినట్టు తెలిసిపోతుంది. ఒక ఆర్డరుకు కావలసిన ఊలంతా ఒకే విడతలో కొనండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు వంటి రంగులను తెలుపు పక్కన వాడే ముందు, ఆ ఊలు కాస్త తడిపి తెల్లని గుడ్డలో గట్టిగా ఒత్తి, రంగు అంటుతుందేమో చూడండి.

ప్రశ్న: పసిపిల్లల టోపీలకు ముత్యాలు, గుండీలు, గడ్డం కింద కట్టుకునే పొడవాటి తాళ్ళు పెట్టమని కొనేవారు అడుగుతున్నారు. కాదంటే ఆర్డరు పోతుందని భయం. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. ఆర్డరు పోయినా సరే, ఈ విషయంలో మెత్తబడవద్దని గట్టిగా కోరుతున్నాను. మూడేళ్ళలోపు పిల్లలు చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. వారి బొమ్మలను పరీక్షించేటప్పుడు సుమారు 3.2 సెం.మీ. వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా పట్టే ఏ వస్తువైనా గొంతులో అడ్డుపడగలదని లెక్క. గుండీలు, పూసలు, ముత్యాలు, అతికించే కళ్ళు అన్నీ అందులో పట్టేవే. ఎంత గట్టిగా కుట్టినా దారం ఏదో ఒక రోజు అరుగుతుంది. కళ్ళూ ముక్కూ కావాలన్నవారికి అదే ఊలుతో ఎంబ్రాయిడరీ చేసి ఇవ్వండి. ముత్యాల స్థానంలో చిన్న ఊలు బుడిపెలు టోపీ అల్లికలోనే భాగంగా వచ్చేటట్టు అల్లండి.

తాళ్ళు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. చెవులు కప్పే టోపీ అడిగినవారికి తాళ్ళు లేకుండానే చెవి భాగాలు పొడవుగా అల్లి ఇవ్వవచ్చు. టోపీ మీద పెట్టే పువ్వును జిగురుతో అతికించకుండా, దాని అడుగు చుట్టూ రెండు వలయాలుగా, టోపీ కుట్ల లోపలి నుంచి సూది తీసి కుట్టండి. ఆ తరువాత పువ్వును వేళ్ళతో పట్టుకుని బలమంతా పెట్టి లాగి చూడండి. యూరప్ బొమ్మల ప్రమాణాలలో చిన్న భాగాలను 90 న్యూటన్ల వరకు, అంటే దాదాపు తొమ్మిది కిలోల బరువు వేలాడినంత బలంతో లాగి చూస్తారు. మీ టోపీ బొమ్మ కాకపోయినా దాన్ని పట్టుకుని లాగే చేయి మాత్రం అదే. మ్యాజిక్ రింగ్ కొస కూడా ఇలాగే ఊడవచ్చు, 15 సెం.మీ. కొస వదిలి, ఒకసారి ఒక దిక్కుకు, మరోసారి ఎదురు దిక్కుకు కుట్ల లోపలి నుంచి పోనిచ్చాకే కత్తిరించండి.

ఏడాదిలోపు శిశువులకు నిద్రలో టోపీ ఉంచరాదన్నది శిశువైద్యుల సలహా. ఒళ్ళు అతిగా వేడెక్కే ప్రమాదమూ, టోపీ ముఖం మీదికి జారే ప్రమాదమూ ఉంటాయి. ఈ మాట ఒక చిన్న చీటీ మీద రాసి ప్రతి టోపీతోనూ ఇవ్వండి.

ప్రశ్న: గోడకు వేలాడదీసే పూల తోరణాలు, కూజాలో పెట్టే పూలగుత్తులు అల్లుతున్నాను. రేకులు ముడుచుకుపోతున్నాయి, కాడలు వాలిపోతున్నాయి. పూలన్నీ ఒకేలా ఉంటున్నాయని కూడా అంటున్నారు.

జవాబు: రేకు ముడుచుకోవడానికి సాధారణంగా రెండు కారణాలు. మొదటిది, పువ్వు నడిమి వలయంలో కుట్లు తక్కువై, రేకులకు చోటు చాలకపోవడం. రెండోది, అల్లిన పువ్వును సాగదీసి ఆరబెట్టకపోవడం. నూలు పువ్వును తడిపి, మెత్తని బల్ల మీద రేకు రేకునూ గుండుసూదులతో పరచి, పూర్తిగా ఆరనివ్వండి. అలంకరణకే వాడే పూలకు గంజి పెడితే బిరుసుగా నిలుస్తాయి. నూలు గంజిని పట్టుకుంటుంది, అక్రిలిక్ అంతగా పట్టుకోదు. చక్కెర పాకం పెట్టమని కొందరు చెబుతారు గాని చీమలు పడతాయి కనుక అమ్మే సరుకుకు అది పనికిరాదు. నున్నగా మెరిసే మెర్సరైజ్డ్ నూలు వాడితే పూలకు నిగారింపు వస్తుంది. నూలును క్షారంలో ముంచే ఈ పద్ధతికి జాన్ మెర్సర్ 1850లో పేటెంటు పొందారు. దారాన్ని బిగించి ముంచితే మెరుపు వస్తుందని ఆ తరువాత హొరేస్ లో (Horace Lowe) అనే ఆయన కనిపెట్టడంతో అది విరివిగా వాడుకలోకి వచ్చింది.

కాడకు తీగ కావాలి. మామూలు ఇనుప తీగ తడి తగిలితే తుప్పు పట్టి, ఊలు మీదికి మరక తేలుతుంది. పైపూత ఉన్న తీగ తీసుకుని, కొసను చిన్న వలయంగా వంచి పువ్వు అడుగున కుట్టి, తరువాత ఆకుపచ్చ ఊలును మొదటి నుంచి చివర వరకు ఒత్తుగా చుట్టండి. తీగ ఉన్న పూలను పసిపిల్లల గదుల కోసం అమ్మవద్దు. తోరణాన్ని నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర వేలాడదీస్తే రంగు వెలుస్తుందని కూడా కొనేవారికి చెప్పండి.

పూలన్నీ ఒకేలా ఉన్నాయన్న మాటకు జవాబు నిర్మాణంలో ఉంది. రంగు ఎంత మార్చినా నిర్మాణం ఒకటే అయితే కంటికి ఒకే పువ్వు. అయిదు రేకుల చదునైన పువ్వు ఒక నిర్మాణం. పొడవాటి పట్టీ అంచున ఒక్కొక్క చోట అయిదేసి డబుల్ క్రోషియా కుట్లతో అలలు అల్లి, పట్టీని చుట్టి అడుగున కుడితే వచ్చే గులాబీ మరొకటి. ముందు వరుస రేకుల వెనుక గొలుసు కుట్లతో వంతెనలు వేసి, వాటి మీద ఇంకా పెద్ద రేకులు అల్లుకుంటూ పోయే ఐరిష్ గులాబీ మూడోది. దీనిలో వెనుక వరుస రేకులు ముందు వరుస సందుల్లోంచి తొంగిచూస్తాయి. ఈ మూడింటితో పాటు గొలుసుకు రెండు వైపులా పొట్టి కుట్టు నుంచి పొడుగు కుట్టుకూ, మళ్ళీ పొట్టికీ వస్తూ అల్లే ఆకులను రెండు పచ్చని ఛాయలలో చేర్చండి. ఆకులను చాలామంది అశ్రద్ధ చేస్తారు. గుత్తికి నిండుదనం తెచ్చేవి అవే.

ప్రశ్న: ధర ఎలా నిర్ణయించాలి? ఊలు ఖర్చుకు మూడింతలు వేయమని ఒకరు చెప్పారు. అలా వేస్తే టోపీలకు బాగానే ఉంది గాని పూలకు ఏమీ మిగలడం లేదు.

జవాబు: మీకు వచ్చిన అనుమానం సరైనదే. మందపాటి ఊలుతో అల్లిన టోపీ ఎక్కువ ఊలు తిని తక్కువ సమయంలో పూర్తవుతుంది. సన్నని నూలుతో అల్లిన గులాబీకి కొన్ని గ్రాముల దారమే పట్టినా, అల్లడం, చుట్టడం, కుట్టడం, ఆరబెట్టడం కలిపి ఒక గంట పోవచ్చు. ఖర్చుకు మూడింతలు అన్న లెక్కలో ఆ గంటకు విలువే లేదు. అందువల్ల ధరను సమయం మీద నిలబెట్టండి.

ఊలు ఖర్చు తేల్చడం సులువు. పూర్తయిన టోపీని వంటింటి తూకం మీద పెట్టండి. 100 గ్రాముల ఉండలో 60 గ్రాములు పట్టిందంటే ఉండ ధరలో అయిదింట మూడు వంతులు దాని ఖర్చు. సమయం లెక్కించేటప్పుడు అల్లిక ఒక్కటే చూడవద్దు. కొసలు దాచడం, పువ్వు కుట్టడం, ఉతికి ఆరబెట్టడం, ఫొటో తీయడం, కొనేవారితో మాట్లాడటం, పొట్లం కట్టడం అన్నీ పనే. ఒకే రకం టోపీలు కొన్ని వరుసగా అల్లి, మొత్తం సమయాన్ని సంఖ్యతో భాగిస్తే నమ్మదగిన సగటు వస్తుంది. మీ గంటకు మీరు ఒప్పుకునే కూలి ముందే నిశ్చయించుకుని, దాన్ని ఆ సగటుతో హెచ్చించి, ఊలు ఖర్చు, పొట్లం ఖర్చు, సూదులు అరిగిపోవడం వంటి చిల్లర ఖర్చులకు కొంత కలపండి. దుకాణాలకు కూడా ఇవ్వదలిస్తే ఇది దుకాణానికి ఇచ్చే ధర కావాలి. విడిగా అమ్మే ధర దీనికి పైన ఉండాలి.

అలా వచ్చిన ధర చూసి ఎవరు కొంటారని భయపడి కూలి తగ్గించుకునేవారే ఎక్కువ. కూలి ముట్టుకోకుండా నమూనాను మార్చండి. పువ్వులో ఒక వరుస రేకులు తగ్గించడం, రంగుల సంఖ్య తగ్గించి కొసలు దాచే పని తగ్గించడం, కొంచెం మందపాటి ఊలు వాడటం వంటివి సమయాన్ని బాగా తగ్గిస్తాయి. క్రోషియా కుట్టును అచ్చంగా వేయగల యంత్రం కర్మాగారాల వాడకంలోకి రాలేదు. యంత్రాలు అల్లే జాలీ పట్టీలు చూడటానికి దాన్ని పోలి ఉంటాయంతే. కాబట్టి మార్కెట్లో అతి చౌకగా కనబడే క్రోషియా టోపీని కూడా ఎక్కడో ఒక మనిషి చేత్తోనే అల్లారు, ఆ మనిషికి ముట్టింది మరీ తక్కువ. ఆ ధరతో మీరు పోటీ పడవలసిన పని లేదు.

ప్రశ్న: ఇతరుల నమూనాలు చూసి అల్లిన టోపీలు అమ్మవచ్చా?

జవాబు: నమూనాతో పాటు ఇచ్చిన షరతులు చదవండి. అల్లిన వస్తువును అమ్ముకోవడానికి చాలామంది రూపకర్తలు అనుమతిస్తారు, తమ పేరు చెప్పమని అడుగుతారు. నమూనాను మాత్రం నకలు తీసి పంచడానికి గాని అమ్మడానికి గాని ఒప్పుకోరు. పేరున్న కార్టూన్ పాత్రల ముఖాలతో టోపీలు అల్లి అమ్మడం అనుమతి లేకుండా చేయదగిన పని కాదు. నమూనా అమెరికా పద్ధతిలో రాసినదా, బ్రిటన్ పద్ధతిలో రాసినదా అన్నది కూడా ముందే చూసుకోండి. అమెరికా నమూనాలోని సింగిల్ క్రోషియా బ్రిటన్ నమూనాలో డబుల్ క్రోషియా అవుతుంది, పొరపడితే టోపీ కొలత పూర్తిగా మారిపోతుంది.

ప్రశ్న: వరుసగా గంటల తరబడి అల్లితే బొటనవేలు, మణికట్టు నొప్పి పెడుతున్నాయి.

జవాబు: అరగంటకు ఒకసారి సూది పక్కన పెట్టి వేళ్ళు చాచి ముడవండి. సన్నని లోహపు సూది బదులు లావు పిడి ఉన్నది వాడండి. బిగుతుగా అల్లే చేతికి శ్రమ ఎక్కువ కనుక ఒక కొలత పెద్ద సూది తీసుకుని, చేతిని సడలించి అల్లండి, కుట్ల లెక్క మళ్ళీ వేసుకోండి. తిమ్మిరి పట్టినా, రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వచ్చినా వైద్యునికి చూపించుకోవడం ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: ఒక దుకాణం వారు పువ్వులున్న టోపీలు యాభై అడిగారు. ఒక్కదానివల్ల కాదు. అల్లిక వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళు సాయం చేస్తామంటున్నారు. ముగ్గురి చేతులూ ఒకేలా ఉండవు కదా, ఎలా పంచుకోవాలి?

జవాబు: 1840ల చివర ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో పోయి కరువు వచ్చినప్పుడు, క్రోషియా లేసు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. మోనహన్ ప్రాంతంలోని క్లోన్స్ పట్టణంలో కాసాండ్రా హ్యాండ్ అనే ఆవిడ ఈ పనిని వ్యవస్థీకరించారు. అక్కడ గులాబీ అల్లేవారు గులాబీలే, ఆకులు అల్లేవారు ఆకులే అల్లేవారు. ఆ ముక్కలన్నిటినీ జాలీతో కలిపి పెద్ద లేసుగా కూర్చడం మరొకరి పని. ఒకే పువ్వును పదేపదే అల్లిన చేతికి వేగమూ, పొందికా రెండూ వచ్చేవి.

మీరూ అలాగే పంచుకోండి. పువ్వు కొలతలో రెండు మిల్లీమీటర్ల తేడా ఎవరి కంటా పడదు, టోపీ కొలతలో తేడా తల మీద తెలుస్తుంది. కాబట్టి పూలూ ఆకులూ ఒకరికి అప్పగించి, టోపీలను మిగిలిన ఇద్దరూ అల్లండి. ఒక టోపీని మొదలుపెట్టినవారే పూర్తి చేయాలి. మధ్యలో చేయి మారితే ఆ చోట అల్లిక తీరు మారి గీతలా కనబడుతుంది. ముందుగా టోపీలు అల్లే ఇద్దరూ ఒకే ఊలుతో నమూనా ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టండి. మీకు 10 సెం.మీ.కు 16 కుట్లు పడి, మీ స్నేహితురాలికి 18 పడితే, ఆవిడను వదులుగా అల్లమని చెప్పడం వల్ల ఉపయోగం ఉండదు, కొద్దిసేపటికి చేయి తన అలవాటుకు వచ్చేస్తుంది. మీరు 4 మి.మీ. సూది వాడుతుంటే ఆవిడకు 4.5 మి.మీ. సూది ఇచ్చి మళ్ళీ చూడండి. లెక్క కలిసే వరకు సూదినే మార్చండి.

పూలను టోపీలకు కుట్టే పని, లాగి చూసే పని మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆర్డరు ఒప్పుకునే ముందే ఒక టోపీ పూర్తిగా తయారుచేసి దుకాణం వారికి చూపించి, అదే తీరులో ఒకటి వారి దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఊలు విడత సంఖ్య, ఏ కొలతవి ఎన్ని, ఎప్పటికి ఇవ్వాలి, ముందుగా ఎంత సొమ్ము ఇస్తారు అన్నవి కాగితం మీద రాసుకోండి. యాభై టోపీల ఊలుకు ఆ ముందు సొమ్మే ఆధారం కనుక అది అందాకే ఊలు కొనండి.